అట్ట మారిన పుస్తకం

జనవరి 9, గురువారం

ఫాదర్ బొగ్దాన్ ఇల్లు దీవించడానికి వచ్చారు. తెల్లగుడ్డ, సిలువ, కొవ్వొత్తులు, తీర్థం ముందే బల్ల మీద పెట్టి ఉంచాను. తలుపు మీద సుద్దతో ముగ్గురు జ్ఞానుల గుర్తు వేసి, లోపలికొచ్చి కూర్చున్నారు. కలీనా వంటింటి గుమ్మం వదల్లేదు.

"ఏమ్మా, పెద్దమ్మ బడి ఎలా ఉంది? బెత్తం ఉందా?"

కలీనా నేల చూసింది.

"బెత్తం పొయ్యిలో పెట్టేశాం ఫాదర్. చలి కదా" అన్నాను.

ఆయన నవ్వారు. నవ్వించాలనే అన్నాను. పెద్దలు నవ్వుతున్నంతసేపు పిల్ల నోరు విప్పలేదన్న సంగతి మరుగున పడుతుంది.

జూన్‌లో అలా కుదరదు. ఇంట్లో చదివే పిల్లలు ఏడాది చివర బడికి వెళ్ళి ప్రతి సబ్జెక్టూ రాసి చూపాలి, నోటితో చెప్పి చూపాలి. ముగ్గురు టీచర్ల ముందు. రాయడం గురించి నాకు బెంగ లేదు. నోటి పరీక్ష తప్పితే సెప్టెంబరులో మళ్ళీ అదే బడి, అదే తరగతి, అక్టోబరులో అది పాఠం చదువుతూ ఒక మాట దగ్గర ఆగిపోయి ఏడుస్తుంటే ఫోనులో తీసి ఊరంతా పంచిన అవే పిల్లలు. ఆ రోజు నుంచి కలీనా నాతోనూ, ఫోనులో వాళ్ళమ్మతోనూ తప్ప ఇంకెవరితోనూ మాట్లాడలేదు.

వాళ్ళమ్మ రెనాతా సోమవారం పండుగ పూజ కాగానే జర్మనీ బస్సు ఎక్కింది, అక్కడ జీతానికి చూసుకునే ముసలావిడ దగ్గరికి. ఈస్టర్‌కి వస్తానంది. చెల్లెలు బస్సు మెట్టు మీద నిలబడి నాకు చెప్పింది ఒకటే: "అక్కా, దాన్ని నీకు వదిలి వెళ్తున్నాను."

జపమాల పూర్తిచేసి పడుకుంటాను.


జనవరి 14

రాత్రి భోజనం కాగానే ఒక అధ్యాయం. ఇది అమ్మ పెట్టిన నియమం. చలికాలంలో ఆడవాళ్ళంతా బల్ల చుట్టూ చేరి దిండ్ల కోసం బాతు ఈకలు ఒలిచేవారు, అమ్మ చదివేది. నవ్వినా తుమ్మినా ఈకలు ఎగురుతాయి. అందుకని అమ్మ ఎప్పుడూ ఏడుపు పుస్తకాలే ఎంచేది. ఏడిస్తే ఈకలు ఎగరవు.

ప్రతి పుస్తకానికీ గోధుమరంగు కాగితం అట్ట వేసి, వెన్ను మీద సిరాతో పేరు రాసేది. అన్నీ ఒక్కలాగే ఉంటాయి. నాకు మాత్రం చేత్తో తడిమితే తెలుస్తుంది ఏది ఏదో.

మళ్ళీ రేవు పుస్తకమే చదువుతున్నాం. నది దాటించే రేవువాడు, అతని కూతురు. కొత్త పుస్తకాలు కలీనాకి నచ్చవు. నాకు ఇది సగం కంఠతా వచ్చు.

అచ్చు బాగా అరిగిపోయింది. పాత పుస్తకం కదా.


జనవరి 20

బల్బు మార్చాను. ఈ కొత్త బల్బుల్లో పస లేదు.


జనవరి 28

తమ్ముడు జెనోన్ టైర్ల కొట్టు మూసి ఇటు వచ్చాడు. వంటింటి సిలువ అడ్డకర్ర మధ్యలో వంగింది, కాస్త సరిచెయ్యరా అన్నాను. కుర్చీ ఎక్కాడు, వేలితో కర్ర పొడవునా తడిమాడు.

"తిన్నగానే ఉందక్కా."

"మధ్యలో చూడు."

"మధ్యలోనూ తిన్నగానే ఉంది ప్రొఫెసరమ్మా. దేవుడి సిలువ వంగలేదు, నీ మెడే వంగింది, పుస్తకాల్లో తల పెట్టి పెట్టి."

దిగి, బీట్‌రూట్ చారు రెండు గిన్నెలు తాగి, "ఏమే కలీనా, మీ పెద్దమ్మ చారులో ఉప్పు బదులు వ్యాకరణం వేస్తోందా?" అన్నాడు. కలీనాకి నవ్వొస్తే ముక్కు ముడుస్తుంది. ఇవాళ ముడవలేదు. అది సిలువ వైపు చూడటం లేదు. నా వైపు చూస్తోంది.

తేమకి కర్ర వంగుతుంది. అమ్మ కాలం నాటిది.


ఫిబ్రవరి 3

పునీత బ్లాసియు పండుగ. గుడిలో అందరి గొంతులకీ దీవెన. ఫాదర్ రెండు కొవ్వొత్తులు అడ్డంగా పట్టుకుని కలీనా గడ్డం కింద ఆనించినప్పుడు నేను కళ్ళు మూసుకుని అడిగాను: దీని గొంతు దీనికి ఇవ్వు.

పక్క పీఠం మీద కళ్ళ జబ్బులవాళ్ళు మొక్కే పునీత లూసీ విగ్రహం ఉంది, పళ్ళెంలో తన కళ్ళు పట్టుకుని. ఆమెకి మొక్కలేదు. అవసరం లేనివాళ్ళు మొక్కితే అవసరమున్నవాళ్ళ వంతు తగ్గుతుంది.


ఫిబ్రవరి 11

ఒకావిడ కర్టెన్లు అంచు కుట్టమని తెచ్చింది. సూదుల దిండు మీద సూదులన్నిటికీ దారం ఎక్కించి ఉంది, తెలుపు, నలుపు, గోధుమ. నేను ఎక్కించినట్టు గుర్తు లేదు. ఎక్కించే ఉంటాను.


ఫిబ్రవరి 18

జామెట్రీ. కలీనా గీసిన త్రిభుజం భుజం మధ్యలో వంకర పోయింది. మళ్ళీ గియ్యమన్నాను. మళ్ళీ వంకరే. స్కేలు సరిగ్గా పట్టుకోమని గట్టిగానే అన్నాను. మాట్లాడకుండా మూడోసారి గీసింది.

"ఇప్పుడు బాగుందా పెద్దమ్మా?" అంది.

బాగుంది అన్నాను. బాగోలేదు.


ఫిబ్రవరి 27

శ్రమల కాలం ముందు గురువారం. పోంచ్కీలు వేయించాను, లోపల గులాబీ జామ్. జెనోన్‌కి పళ్ళెం పంపితే ఖాళీ పళ్ళెం మీద చక్కెర కూడా నాకేసి పంపాడు.

రెనాతా ఫోన్.

"నిజం చెప్పక్కా. మాట్లాడుతోందా?"

"ఇంట్లో మాట్లాడుతోంది."

"ఇంట్లో పిల్లితో కూడా మాట్లాడొచ్చు. బయట?"

"జూన్‌కి ఇంకా టైముంది."

ముక్కు చీదుకున్న చప్పుడు. తర్వాత, "ఇక్కడ ఈవిడకి రోజూ జుట్టు దువ్వుతాను. దువ్వుతూ కలీనా జుట్టు అనుకుంటాను. నీకేమైనా అయితే నేనేం చెయ్యను చెప్పు?"

"నాకేమవుతుంది" అన్నాను.


మార్చి 5, విభూది బుధవారం

"మట్టివి, మట్టిలో కలుస్తావు" అని ఫాదర్ నెత్తిన బూడిద చల్లారు. మామూలుగా ఆ మాటకి భయపడను.


మార్చి 12

పక్కింటావిడ చెప్పింది, వాళ్ళ అత్తగారికి గీతలు వంకరగా కనబడేవిట. ముసలితనమని ఊరుకున్నారట. ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తోందట.

ఆమెకి ఎనభై దాటాయి. నాకు యాభయ్యారు.

ఎడమ కన్ను చిన్నప్పటినుంచీ బద్ధకమే, దాన్ని లెక్కలోకి తీసుకోను. కుడి కన్ను ఎప్పుడూ నన్ను మోసం చెయ్యలేదు.


మార్చి 18

రేవు పుస్తకంలో వరద వచ్చే అధ్యాయం. బాగా చదివాను. ఎక్కడా తడబడలేదు. నీళ్ళు పెరుగుతుంటే కూతురు పడవ తాడు పట్టుకుని ఒడ్డునే నిలబడిపోయే చోట నా గొంతు కొంచెం వణికింది. ఎప్పుడూ వణికే చోటే.

కలీనా బీన్స్ ఒలవడం ఆపేసింది. అధ్యాయం అయ్యాక, "బాగుంది పెద్దమ్మా" అని లేచి, పుస్తకం నా చేతుల్లోంచి తీసుకుని అల్మరాలో పెట్టింది. దాని వేళ్ళు మంచులా ఉన్నాయి.

పొయ్యి ఇంకాస్త రాజేశాను.


మార్చి 19

పునీత జోజప్ప పండుగ. పూజ నుంచి వచ్చాక కలీనా లెక్కలు చేసుకుంటుంటే, ఏదో తోచి, ఆ పుస్తకం కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను. కుట్టుపనికి వాడే భూతద్దం పెట్టి, తల పక్కకి తిప్పి, మూలగా చూశాను. అలా చూస్తే కొంచెం దొరుకుతుంది.

పేజీ నిండా బొమ్మ. తేనెపెట్టె. లోపలి చట్రాలు, బాణం గుర్తులు. తిప్పితే ఇంకో బొమ్మ. అక్షరమన్నది లేదు.

వెన్ను మీద అమ్మ సిరా రాత రేవు పుస్తకానిదే. లోపల మాత్రం నాన్న తేనెటీగల పుస్తకం.

నిన్న నేను తేనెపెట్టె బొమ్మలోంచి వరద చదివాను.


మార్చి 20

పిల్లచేష్ట. తెలిసిన కథ ఎవరైనా చూడకుండానే చదువుతారు.


మార్చి 21

నిద్ర లేదు. వాళ్ళ బల్ల ముందు, ముగ్గురు టీచర్ల ముందు నన్ను నిలబెట్టి, ఇది చదవండి అంటే?


మార్చి 22, శనివారం

ముందు కలీనాయే మొదలుపెట్టింది. రొట్టెకి పిండి కలుపుతోంది, వీపు నావైపు.

"బొమ్మ కనబడలేదా పెద్దమ్మా?"

అబద్ధం తయారుగానే ఉంది. బయటికి రాలేదు.

"ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"క్రిస్మస్ రాత్రి. దీవెన రొట్టె విరిచి నాకు ఇస్తూ, నా చేతి పక్కన గాలికి ఇచ్చావు. కింద పడింది. నేను తీసుకుని తినేశాను."

"సూదులు?"

"నేనే."

"త్రిభుజం?"

"మొదటిసారే తిన్నగా ఉంది. మూడుసార్లూ తిన్నగానే ఉంది."

కూర్చున్నాను. పిండి చప్పుడు ఆగింది.

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

పిండి మీద గుడ్డ కప్పింది. తర్వాత గోడతో చెబుతున్నట్టు చెప్పింది. "చెబితే నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్తావు. ఈవిడ కళ్ళతో చదువు చెప్పలేదంటారు. నన్ను బడికి పంపేస్తారు."

నేను ఎందుకు చెప్పలేదో నాకు తెలుసు. అక్షరం తేడా లేదు.

"అట్ట ఎందుకు మార్చావే మరి?"

"నువ్వు తిడతావని."

"ఏమిటీ?"

"పుస్తకం తెరిచి, ఇదేమిటే తేనెటీగలు, పనిలేదా నీకు అని తిడతావని. తిడితే నీకు కనబడుతున్నట్టు కదా. తిట్టాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను." చేతుల పిండితోనే ముఖం తుడుచుకుంది. "నువ్వు చదవడం మొదలుపెట్టావు."

దగ్గరికి తీసుకున్నాను. కొత్త పుస్తకాలు నచ్చవని ఎందుకన్నావని కూడా అడిగాను.

"నేనా? నేనెప్పుడన్నాను? రోజూ నువ్వే కదా అదే తీసేది."

జూన్ దాకా ఆగుదాం, పరీక్ష అయ్యాక వెళ్దాం అన్నది నేను. అది తల ఊపింది. కానీ అన్నది నేను. ఇది ఇక్కడ ఉండాలి.


మార్చి 30

మధ్యలో బూడిదరంగు నాణెం లాంటిది. రెప్ప వేస్తే కదులుతుందేమోనని చూస్తున్నాను. కదలదు.


ఏప్రిల్ 6

కలీనా లైబ్రరీ నుంచి లావుపాటి వైద్యం పుస్తకం తెచ్చుకుంది. నేను గదిలోకి వెళ్తే మూసేస్తుంది. ఏం చదువుతున్నావని అడగలేదు. అడిగితే చెబుతుంది.


ఏప్రిల్ 13, మట్టల ఆదివారం

రెనాతాకి రావడం కుదరదట. ముసలావిడ జారిపడింది. ఫోనులో ఏడ్చింది. అయ్యో అన్నాను. లోలోపల గుండె తేలికపడింది. ప్రభువా, ఆ తేలికని క్షమించు.


ఏప్రిల్ 19, పుణ్య శనివారం

బుట్ట దీవింపించడానికి గుడికి వెళ్ళాం. గుడ్లు, రొట్టె, ఉప్పు, సాసేజ్, చక్కెరతో చేసిన గొర్రెపిల్ల. గుడి ముందు బుట్టలన్నీ వరసగా. ఫాదర్ నీళ్ళు చల్లుతూ వచ్చారు. తలెత్తి చూశాను. తెల్ల అంగీ ఉంది, చేతులు ఉన్నాయి, చుట్టూ జనం ఉన్నారు. ముఖం ఉండాల్సిన చోట ఏమీ లేదు.

"ఈస్టర్ శుభాకాంక్షలు ఫాదర్" అన్నాను.

ఆయన అప్పటికే ముందుకు వెళ్ళిపోయారట. నేను చెప్పింది ఆయన వెనక తెల్ల అంగీలో నిలబడిన పిల్లవాడికి. ఎవరో కిసుక్కున నవ్వారు. కలీనా బుట్ట ఒక చేత్తో, నా మోచెయ్యి ఇంకో చేత్తో పట్టుకుని ఇంటిదాకా ఈడ్చుకొచ్చింది. దారంతా దాని ఊపిరి వినబడింది.


ఏప్రిల్ 22, మంగళవారం

పొద్దున్నే జెనోన్ కారు. ఇంట్లోకొచ్చి, టోపీ తియ్యకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అక్కా, ఎవరో ఆడపిల్ల ఫోన్ చేసింది. మామయ్యా, కారు తీసుకురా అంది. ఎవరమ్మా నువ్వు, రాంగ్ నంబర్ అని పెట్టేశాను. మళ్ళీ చేసింది." ఆగాడు. "మళ్ళీ పెట్టేశాను. మూడోసారి, 'పెట్టకు మామయ్యా, నేను కలీనాని' అంది. అక్కా, ఆర్నెల్లుగా వినలేదే ఆ గొంతు. నా మేనకోడల్ని నేను రెండుసార్లు తిట్టి పెట్టేశానే."

వాడు ఏడవడం నాన్న పోయినప్పుడు చూశాను, మళ్ళీ ఇవాళ.

కలీనా నా కోటు పట్టుకుని నిలబడింది. "జూన్ దాకా అనుకున్నాం కదే" అన్నాను. కోటు చేతులు తొడిగింది, బొత్తాలు పెట్టింది, చిన్నపిల్లకి పెట్టినట్టు.

జెషూవ్ పట్నంలో పెద్దాసుపత్రి దాకా జెనోన్ ఒక్క జోకూ వెయ్యలేదు. నేను జపమాల చెప్పుకుంటూనే ఉన్నాను, ఏ దేవరహస్యం దగ్గర, ఎన్నో పూస మీద ఉన్నానో తెలియలేదు.

కంటి విభాగం కిటికీ దగ్గర ఆవిడ పేరు రాసుకుంది, కంప్యూటర్ చూసింది. "ఉన్నవాటిలో దగ్గర తేదీ ఆగస్టు."

"మంచిదండీ" అన్నాను. నిజంగానే మంచిదనిపించింది. ఆగస్టు జూన్ తర్వాత వస్తుంది.

"కాదు."

నా వెనక నుంచి, చాలారోజులు తెరవని తలుపులా.

"ఏమిటి పాపా?"

"ఆగస్టు కాదు. ఇవాళ. మా పెద్దమ్మకి గీతలు వంగి కనబడుతున్నాయి. మధ్యలో మచ్చ. రెండో కన్ను చిన్నప్పటినుంచీ పనిచెయ్యదు. పుస్తకంలో ఉంది, ఆగితే పోతుందని. మేం ఆగాం. ఇంక ఆగం."

కిటికీ ఆవిడ కలం కింద పెట్టింది. లేచి లోపలికి వెళ్ళింది.

లోపల యువకుడైన డాక్టరు, మెత్తని మనిషి. ఎప్పటినుంచి అన్నాడు. ఈమధ్యే అన్నాను. కలీనా ఏమీ అనలేదు. యంత్రంలో గడ్డం పెట్టించి కంటి లోపలి బొమ్మ తీశాడు. మధ్యలో పోయింది తిరిగి రాదు, ఉన్నది నిలబెట్టడానికి చూద్దాం, నెలనెలా కంట్లో సూది అన్నాడు. మొదటిది ఇవాళే. తర్వాత, ఏ ఉద్దేశమూ లేకుండానే, "చలికాలంలోనే వచ్చుంటే వేరుగా ఉండేది" అన్నాడు.

ఆ ఒక్క ముక్క కలీనా వినకుండా చెయ్యి ప్రభువా అనుకున్నాను. విన్నది. బాత్‌రూమ్‌లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. కుళాయి చప్పుడు కింద కూడా వాంతి చప్పుడు తెలుస్తుంది.


ఏప్రిల్ 24

కలీనా మాట్లాడటం లేదు.


ఏప్రిల్ 26

నాతో కూడా.


ఏప్రిల్ 27

నీదేమీ తప్పు లేదని చెప్పాను. ఆగుదామన్నది నేనేనని చెప్పాను. నా కాళ్ళ దగ్గర కూర్చుని వింది. తల ఊపిందో లేదో నాకు కనబడదు. ఇంతకుముందు మాట రాకపోతే ముఖం చూసేదాన్ని.

దాని గొంతు దానికి ఇవ్వమని అడిగాను. ఒక్క రోజుకే ఇచ్చావా?


ఏప్రిల్ 30

భోజనం అయ్యింది. అలవాటుకొద్దీ అల్మరా తెరిచాను, అలవాటుకొద్దీ రేవు పుస్తకం తడిమాను. ఏ అట్టలో ఏముందో ఇప్పుడు నాకూ తెలియదు. చేతిలో పట్టుకుని నిలబడ్డాను.

కలీనా వచ్చి పుస్తకం తీసుకుంది. వెనక్కి పెడుతుందనుకున్నాను. కుర్చీ జరిగిన చప్పుడు. పేజీ చప్పుడు.

చదివింది. గొంతు బొంగురుగా, ఒక్కో మాటా నేల మీద పెడుతున్నట్టు. మూడో వాక్యంలో ఒక మాట దగ్గర ఆగింది. ఆగి, ఆగి. నేను కూర్చున్నాను. అందించలేదు. అందించడానికి నాకు పేజీ కనబడదు కదా. క్లాసులో అందరికీ ఆ మాట తెలుసు, అందరూ దాని నోటివైపు చూస్తున్నారు. ఇక్కడ ఆ మాట ఏమిటో దానికొక్కదానికే తెలుసు. అది చెబితే తప్ప నాకు కథ లేదు.

చెప్పింది. ముందుకు వెళ్ళింది.

అధ్యాయం పూర్తవలేదు. సగంలో లేచిపోయింది. ఫరవాలేదు. అమ్మ నియమం ఇవాళ సగానికి తప్పింది, అమ్మ ఏమీ అనుకోదు.


మే 8

రోజూ చదువుతోంది. ఈ నోట్‌బుక్‌లో నల్ల స్కెచ్ పెన్నుతో లావుగా గీతలు గీసిచ్చింది, నేను దారి తప్పకుండా. ఏం రాస్తావని అడగలేదు. నేను పక్కచూపుతో రాస్తున్నాను.

జెనోన్ ముందు ఇంకా మాట్లాడదు. వాడు మాత్రం రోజూ కొట్టు నుంచి ఫోన్ చేసి, "ఎవరో ఆడపిల్ల నుంచి ఫోన్ కోసం చూస్తున్నాను, వచ్చిందా?" అంటాడు.


మే 16

రెనాతాకి అంతా చెప్పాను. చెప్పాల్సి వచ్చింది. ఏదో మీట నొక్కబోయి ఏదో నొక్కాను, దాని గొంతు గదంతా మోగింది.

"ఇన్నాళ్ళు దాచావా? నాకా? అక్కా, కళ్ళు పోతుంటే లెక్కలు చెప్పావా దానికి?"

"గొంతు తగ్గించవే, పక్కనే ఉంది."

"ఉండనీ! ఇంక నీ వల్ల కాదు. జూన్‌లో మౌఖికం గట్టెక్కితే సరే. లేదంటే సెప్టెంబరు నుంచి బడికే. ఏడ్చినా సరే, వాంతి చేసుకున్నా సరే. నిన్ను కూడా పోగొట్టుకోలేను నేను."

అది కోపం కాదు, భయం. మా ఇంట్లో అందరం ఒకే గిన్నెలోంచి తింటున్నాం ఆ భయాన్ని.

కలీనా ఆ రాత్రి చదివింది. మామూలుగానే. ఒక పేజీ రెండుసార్లు చదివింది, తనకి తెలియకుండానే.


మే 20

రెండో సూది. పునీత లూసీకి మొక్కుకున్నాను. ఆలస్యంగా వచ్చావేం అని ఆమె అడిగితే జవాబు లేదు.


మే 27

రాతపరీక్షలు అయ్యాయి. బాగా రాసిందట. ఇక మిగిలింది నోటి పరీక్ష.


జూన్ 2

వాండా మేడమ్ ఉంటుందట కమిటీలో. అక్టోబరులో ఆ రోజు క్లాసు ఆవిడదే.

కలీనా తెల్ల బ్లౌజు ఇస్త్రీ చేసింది. ఏ పుస్తకం తీసుకెళ్తావని అడిగాను. సంచీ చూపించింది. చేత్తో తడిమాను. గోధుమరంగు అట్ట.

ప్రార్థిస్తున్నాను. మాటలు రావటం లేదు, పేర్లు మాత్రం చెబుతున్నాను. కలీనా. కలీనా.


జూన్ 3, మంగళవారం

నడవాలో బెంచీ మీద కూర్చోబెట్టారు. తలుపు మీద ఏదో కాగితం అంటించి ఉంది. లోపల వాండా మేడమ్ గొంతు. తర్వాత ఏమీ లేదు. మళ్ళీ ఆవిడ గొంతు, ఇంకా మెల్లగా. మళ్ళీ ఏమీ లేదు. ఎవరో దగ్గారు. పూసల మీద నా వేలు ఒకేచోట ఉండిపోయింది.

తలుపు తెరుచుకుంది. హెడ్‌మిస్ట్రెస్.

"మీరు లోపలికి రండమ్మా. అమ్మాయి కాగితం మీద రాసిచ్చింది, మా పెద్దమ్మని కూర్చోనివ్వండని. నిబంధన ఒప్పుకుంటుంది. చూస్తూ కూర్చోవచ్చు, మాట్లాడకూడదు."

నన్ను కలీనాకి ఎదురుగా కూర్చోబెట్టారు. తెల్ల బ్లౌజు అని తెలుస్తోంది. చేతులు బల్ల మీద.

"సరే, నువ్వు తెచ్చుకున్న పుస్తకంలోంచే ఒక పేజీ చదువు" అంది వాండా మేడమ్. ఆవిడ గొంతులో కూడా భయముంది, అది నేను అనుకోలేదు. పుస్తకం అందుకుని వెన్ను చూసినట్టుంది. "ఇదేమిటి... తేనెటీగల పెంపకమా?"

గోడ గడియారం వినబడింది. ఇంక అంతే అనుకున్నాను. ఇంటికెళ్ళి రెనాతాకి ఏం చెప్పాలో కూడా అనుకున్నాను.

"కాదు పెద్దమ్మా" అంది కలీనా. "అట్ట మారింది."

వాండా మేడమ్ అడిగింది. జవాబు నాకు వచ్చింది.

చదివింది. వరద అధ్యాయం. ఒక మాట దగ్గర ఆగింది. వాండా మేడమ్ అందించడానికి ఊపిరి తీసుకున్న చప్పుడు. నేను చెయ్యెత్తాను. మాట్లాడకూడదన్నారు గానీ చెయ్యెత్తకూడదనలేదు. ఆవిడ ఊపిరి ఆగింది. అందరం కూర్చున్నాం. ఆ మాట దానంతటది వచ్చింది.

తర్వాత ప్రశ్నలు. ఎవరు అడిగినా దాని జవాబు "పెద్దమ్మా" అనే మొదలు. హెడ్‌మిస్ట్రెస్ రెండోసారికి నవ్వాపుకోలేకపోయింది, "అడిగింది నేనమ్మా" అంది. మూడోవారికి అలవాటైపోయింది.

"నీళ్ళు పెరుగుతుంటే ఆ పిల్ల తాడు వదలకుండా ఎందుకు నిలబడింది? ధైర్యమా?" అంది వాండా మేడమ్.

"కాదు పెద్దమ్మా. భయం. తాడు పట్టుకుని ఉంటే ఇంకేమీ చెయ్యక్కర్లేదు. తాడు వదిలి వెళ్ళి ఊరిని లేపాలి. అది కష్టం."

వాళ్ళు ఏదో రాసుకున్నారు. పోలిష్ భాష పరీక్ష గట్టెక్కింది. శుక్రవారం చరిత్ర, తర్వాత ఇంకా ఉన్నాయి. ప్రతిదానికీ నేను అదే కుర్చీలో కూర్చోవచ్చట. నా భయం తగ్గలేదు.

ఒకటి మాత్రం రాసి పడుకుంటాను. సూటిగా చూస్తే నాకు బూడిద మచ్చ. పక్కకి చూస్తే ఎదుటి మనిషి ముఖం కొంచెం దొరుకుతుంది, ఈ నెలన్నరలో అది నేర్చుకున్నాను. కానీ అలా చూస్తే ఎదుటివాళ్ళకి నేను గోడను చూస్తున్నట్టుంటుంది. కలీనా ముఖం ఎలా ఉందో చూడాలని చాలా అనిపించింది. చూడలేదు. సూటిగా దానివైపే కళ్ళు నిలిపాను, అది చదివినంతసేపూ, జవాబులు చెప్పినంతసేపూ.

ఇంటికొస్తూ దారిలో నా మోచెయ్యి పట్టుకుని అడిగింది: "కనబడ్డానా పెద్దమ్మా?"

"తిన్నగా కూర్చున్నావు" అన్నాను.